తన గుండె సంగతి తానెఱుగవలయును

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ మాట మన పాఠ్యపుస్తకములలో ఉన్నది. మన పాఠశాల గోడమీదను ఉన్నది. కాని ఆ భాగ్యములో కొంత లోటుతోనే పుట్టిన బిడ్డలను గూర్చి మనము ఆలోచించుట అరుదు. వారికి ఆరోగ్యమనగా ఏమి? దానిని వారు ఎట్లు కాపాడుకొనవలెను? ఆ విద్యను వారికి ఎవరు నేర్పవలెను? ఈ ప్రశ్నలు నాకు గ్రంథములు చదువుటవలన కలిగినవి కావు. నేను చేసిన ఒక పొరపాటువలన కలిగినవి. దానిని దాచక ముందుగా చెప్పి, పిమ్మట నా అభిప్రాయమును విద్యార్థుల యెదుటను, తల్లిదండ్రుల యెదుటను ఉంచుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట, బరంపురములోని మన పాఠశాలలో ఆఱవ తరగతియందు ఒక బాలిక చేరినది. చేరిన దినముననే తండ్రి నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మా పిల్లకి పుట్టుకతోనే గుండెకి చిల్లుండేది. నాలుగో ఏట ఆపరేషను చేయించినాం. ఎండలో నిలబెట్టకండి, పరుగులు పెట్టించకండి" అని వేడుకొనెను. నేను సామాన్యశాస్త్రముతోపాటు డ్రిల్లు కూడ చెప్పించుచుంటిని. ఆయన మాట నాకు న్యాయముగనే తోచెను. అది మొదలు డ్రిల్లు గంట మ్రోగినప్పుడెల్ల ఆ బాలిక వసారాలో కూర్చుండి తోటివారి పుస్తకాల సంచులకు కావలి కాయుచుండెను. ఒకనాడైనను ఆమె ఆడవచ్చునా, ఎంతవరకు ఆడవచ్చునని నేను ఏ వైద్యుని అడుగలేదు. కాగితము చూపుమని తండ్రిని అడుగలేదు. ఇట్లు రెండేండ్లు గడచినవి. ఆమె బడిలో అందఱికంటె నెమ్మదస్తురాలని మేము మెచ్చుకొనుచుంటిమి.

ఆమె ఎనిమిదవ తరగతిలో నుండగా ప్రభుత్వ ఆరోగ్యబృందము మన పాఠశాలకు వచ్చినది. 2013వ సంవత్సరమున మన దేశమున ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పదునెనిమిదేండ్లవఱకు గల పిల్లలను ఇట్టి బృందములు పరీక్షించుచుండును. వైద్యురాలు స్టెతస్కోపు ఆనించి విని, "నీకేమి ఆపరేషను జరిగినది?" అని ఒడియాలో అడిగెను. బాలికకు ఒడియా చక్కగ వచ్చును. కాని చెప్పుటకు సంగతి తెలియదు. "గుండె ఆపరేషను" అని మాత్రము చెప్పి తల వంచుకొనెను. ఏ గదికి చిల్లు, దేనితో మూసిరి, పిమ్మట ఏమైనను మిగిలినదా, మందేమైనను వాడుచున్నదా అని వైద్యురాలు అడిగిన వేనికిని ఆమె బదులు చెప్పలేకపోయెను. నేనును చెప్పలేకపోతిని.

మఱునాడు తండ్రి ఇంటనుండి ఒక సంచి తెచ్చెను. అందు ఆసుపత్రి కాగితములు రేషను కార్డుతోపాటు భద్రముగ నున్నవి. అవి ఇంగ్లీషున నున్నవి. తొమ్మిదేండ్లుగా వానిని ఎవ్వరును చదివి ఆ యింటివారికి చెప్పినవారు లేరు. ప్రతి సంవత్సరము పరీక్షకు రావలయునని అందు స్పష్టముగ వ్రాసియున్నది. రెండేండ్లు పోయిరి. దూరము, రైలు ఖర్చు, కూలి నష్టము. పైగా పిల్ల చూచుటకు బాగుగనే యున్నది. మూడవ యేట మానివేసిరి.

పిమ్మట పెద్దాసుపత్రిలో ఎకో పరీక్ష జరిగెను. నేనును వెంట పోయితిని. అతికిన మాసిక అంచున సన్నని కారుడు ఒకటి మిగిలియున్నదనియు, దానివలన గుండెకు శ్రమ లేదనియు హృదయవైద్యుడు చెప్పెను. ఆయన బాలిక నోరు తెఱిపించి చూచి, పుచ్చిన రెండు దవడపండ్లను మాకు చూపి, "గుండెకంటె నాకు ఈ పండ్లను చూచినప్పుడే భయమగుచున్నది. వీనిని పీకించుటకు ముందు గుండె సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పవలెను, ముందుగా ఒక మందు వేయవలెను" అనెను. చివరకు బాలిక మెల్లగా, "నేను ఆడుకోవచ్చునా?" అని అడిగెను. "ఆడకుండ కూర్చోమని నీకెవరు చెప్పినారు?" అని ఆయన ఎదురడిగెను. ఆమె నావైపు చూడలేదు. చూడకుండుటయే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఆనాటినుండి నాకు కలిగిన అభిప్రాయము ఇది. పుట్టుకతో గుండెజబ్బు గల బిడ్డకు మనము రెండు అపకారములు చేయుచున్నాము. ఒకటి, అక్కఱలేని భయముతో ఆటనుండి, నడకనుండి తప్పించుట. రెండవది, అక్కఱైన జాగ్రత్తను, అనగా పండ్లను, జ్వరమును, ఏటేటి పరీక్షను మఱచుట. భయపడవలసినచోట భయపడము, భయపడనక్కఱలేనిచోట వణకుదుము. ఈ తాఱుమాఱునకు కారణము ప్రేమ లేకపోవుట కాదు, తెలియకపోవుట. కావున తన గుండె సంగతి ఆ బిడ్డ తానే తన భాషలో ఎఱుగవలయును. ఎఱిగించుట తల్లిదండ్రుల యొక్కయు, పాఠశాల యొక్కయు విధి.

ఇట్టి పిల్లలు ఎక్కడనో ఒకరుందురని అనుకొనరాదు. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 8 లేక 9 మందికి గుండె నిర్మాణములో ఏదో యొక లోపముండునని వైద్యులు లెక్కకట్టిరి. వేయిమంది చదువుకొను పాఠశాలలో అట్టి పిల్లలు కొందఱైనను ఉండుట వింత గాదు. కొందఱి సంగతి ఇంటివారికే తెలియకపోవచ్చును.

గుండెలో రెండు కర్ణికలు, రెండు జఠరికలు అను నాలుగు గదులున్నవని మీరు పాఠములో చదివితిరి. కుడివైపు గదులు చెడురక్తమును ఊపిరితిత్తులకు పంపును. ఎడమవైపు గదులు మంచిరక్తమును దేహమంతటికి పంపును. ఈ రెంటి నడుమ గోడ యున్నది. ఆ గోడ పూర్తిగ మూసికొనక రంధ్రము మిగిలినచో రక్తము ఎడమనుండి కుడికి పొరలి ఊపిరితిత్తులకు అధికముగ చేరును. బిడ్డకు ఆయాసము, మాటిమాటికి జలుబు, పాలు త్రాగుటలో అలసట కలుగును. చిన్న రంధ్రములు కొన్ని తమంతట తామే మూసికొనును. పెద్దవానిని వైద్యులు మూయవలసియుండును. మఱికొందఱిలో ఊపిరితిత్తులకు పోవు దారియే ఇఱుకై, చెడురక్తము మంచిరక్తముతో కలియును. అట్టి బిడ్డల పెదవులు, గోళ్లు నీలివర్ణము దాల్చును. ఈ బిడ్డలు ఆడుచు ఆడుచు హఠాత్తుగా గొంతుకూర్చుండుట మీరు చూచియుందురు. అది సోమరితనము కాదు. అట్లు కూర్చున్నప్పుడు కాళ్లలోని రక్తనాళములు ఒత్తుకొని, ఊపిరితిత్తులవైపు రక్తము కొంత ఎక్కువగ మరలును. బిడ్డకు ఊపిరి చిక్కును. ఎవ్వరును నేర్పకయే దేహము నేర్చుకొనిన ఉపాయమది. అట్టి బిడ్డను "లే, లే" అని గద్దించుట మహాపరాధము.

ఈ లోపములు ఎందువలన కలుగును? గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చుటవలననో, ఎవరి దృష్టియో తగులుటవలననో అని మనవారిలో ఇప్పటికిని చెప్పుకొనుట కలదు. ఆ మాటతో ఎందఱు తల్లులు జీవితాంతము కుమిలిపోయిరో! గర్భమున ఎనిమిదవ వారము ముగియునాటికే శిశువు గుండె ముఖ్యరూపము దాల్చును. తాను గర్భవతినని తల్లికి రూఢిగ తెలియకముందే ఆ పని చాలవఱకు జరిగిపోవును. పెక్కుమందిలో ఇదియే కారణమని చూపుటకు వీలులేదు. తెలిసిన కారణములు కొన్ని కలవు. గర్భము దాల్చిన తొలి నెలలలో తల్లికి రుబెల్లా అను పొంగు సోకుట ఒకటి. ఆ పొంగునకును బిడ్డల పుట్టులోపములకును గల సంబంధమును 1941లో ఆస్ట్రేలియా దేశపు నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించెను. ఆ పొంగును ఆపుటకు టీకా ఉన్నది. మన దేశమున తట్టు టీకాతో కలిపి దానిని వేయుచున్నారు. అదుపులేని మధుమేహము, మద్యపానము, కొన్ని మందులు, దగ్గఱి రక్తసంబంధముల పెండ్లిండ్లు కూడ అపాయమును కొంత పెంచును. మేనరికము మనలో పాతవాడుక కనుక ఈ మాట మనము వినదగినదే. అయినను ఇవన్నియు ముందుజాగ్రత్తకు పనికివచ్చు విషయములే గాని, పుట్టిన బిడ్డ తల్లిని నిందించుటకు సాధనములు కావు.

ఒకప్పుడు ఇట్టి బిడ్డలకు చికిత్సయే లేదు. 1938లో అమెరికాలోని బోస్టను నగరమున రాబర్ట్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు, పుట్టిన వెంటనే మూసికొనవలసిన ఒక నాళము మూసికొనక బాధపడుచున్న బాలికకు దానిని కట్టివేసి దారి చూపెను. 1944 నవంబరు 29న బాల్టిమోరు నగరమున నీలిశిశువుకు మొదటి శస్త్రచికిత్స జరిగెను. ఆ ఉపాయమును తలపోసినది హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు. ఆమెకు చెవులు సరిగ వినబడవు. స్టెతస్కోపుతో వినవలసినదానిని ఆమె బిడ్డల ఱొమ్ముపై చేయి ఆనించి స్పర్శతో గ్రహించెడిది. శస్త్రచికిత్స చేసినవాడు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్. ఆ పద్ధతిని ప్రయోగశాలలో ముందుగ సాధించి, ఆనాడు బ్లేలాక్ వెనుక నిలిచి సలహాలిచ్చినవాడు వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు. ఆయనకు కళాశాల చదువైనను లేదు. 1953లో జాన్ గిబ్బన్ గుండె చేయవలసిన పనిని యంత్రముచేత చేయించుచు, గుండెను తెఱచి గోడలోని రంధ్రమును మూసెను. నేడు మన దేశమునందును ఇవి నిత్యము జరుగు చికిత్సలైనవి. 1991లో పుట్టపర్తియందు వెలసిన వైద్యాలయమువంటి చోట్ల రుసుము లేకయే ఇట్టి చికిత్స లభించుచున్నది.

ఇంత సాధించిన శాస్త్రము మన యింటి గడపవద్ద ఆగిపోవుచున్నది. శస్త్రవైద్యుడు కొన్ని గంటలు పనిచేసి గుండెను బాగుచేయును. తరువాతి అఱువదియేండ్లు దానిని కాపాడవలసినవాడు ఆ గుండెగలవాడే. "చిన్నప్పుడే బాగుచేసినారు, ఇంక నాకేమి?" అనుట మనము తఱచు వినుమాట. బాగుచేసిన గుండె వేఱు, లోపము లేక పుట్టిన గుండె వేఱు. నీలిశిశువులుగ పుట్టి చికిత్స పొందినవారిలో పెక్కుమందికి యౌవనము వచ్చిన పిమ్మట ఒక కవాటము కారుటయో, గుండె లయ తప్పుటయో కలుగవచ్చును. మహాధమని ఇఱుకును సరిచేయించుకొనినవారికి పిమ్మట రక్తపోటు పెరుగవచ్చును. ఇవి ముందుగ బాధ తెలుపవు, పరీక్షలోనే బయటపడును. పాఠశాల విడిచి, ఉద్యోగములకు, కళాశాలలకు పోవు వయసుననే పిల్లలు పరీక్షలు మానివేయుదురు. అదివఱకు తల్లి చేయిపట్టుకొని తీసికొనిపోయెను. ఇప్పుడు ఆ చేయి లేదు, తనకా సంగతి తెలియదు. అందుచేతనే పదునాల్గు పదునైదేండ్లు వచ్చునాటికి తన వైద్యునితో తానే మాటలాడుట ఆ బిడ్డకు అలవాటు కావలెనని నా తలంపు.

ఇక నిత్యజీవనములోని అలవాట్లను గూర్చి చెప్పుదును. వీనిలో మొదటిది దంతధావనము. నోటిలో పుండ్లు, పుచ్చులు ఉన్నచో సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించును. మామూలు గుండెలో అవి నిలువలేవు. గోడకు కారుడున్నచోటను, చెడిన కవాటమువద్దను, కృత్రిమ కవాటముపైనను అవి గూడు కట్టుకొనగలవు. దానిని ఎండోకార్డైటిస్ అందురు. అది ప్రాణాంతకమగు వ్యాధి. కొన్ని విధముల గుండెలోపములు గలవారికి పన్ను పీకునప్పుడు ముందుగ మందు వేయవలసియుండును, అందఱికిని అక్కఱలేదు. ఎవరికి అక్కఱయో హృదయవైద్యుడు చెప్పవలెను. అంతకంటె ముఖ్యమేమన, దినమునకు రెండుమాఱులు శుభ్రముగ పండ్లు తోముకొనుటయు, ఆఱునెలలకొకమాఱు దంతవైద్యునికి చూపుటయు. మన ప్రాంతమున గుడాకు అను పొగాకుముద్దతో పండ్లు రుద్దుకొను దురభ్యాసము పెద్దలలోనే గాక పిల్లలలోను కనబడుచున్నది. పండ్లు మెఱయునని వారి నమ్మకము. అది పండ్లపొడి కాదు, పొగాకు. దానిలోని నికోటిను గుండె వేగమును, రక్తపోటును పెంచును. లోపముతో పుట్టిన గుండెకు ఆ బరువు మఱింత ఎక్కువ. ఇంటిలో పెద్దలు కాల్చు చుట్టపొగయు అట్టిదే. తండ్రులారా! బిడ్డ ఎండలో నిలువరాదని మాస్టరును వేడుకొనువారు, ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి చుట్ట కాల్చుట మానవలదా?

రెండవది జ్వరము. సామాన్యముగ జ్వరము వచ్చినప్పుడు మందుల దుకాణమునకు పోయి నాలుగు బిళ్లలు కొనితెచ్చుట మనకు వాడుక. పుట్టుగుండెజబ్బు గలవారికి, ముఖ్యముగ మాసిక వేసినవారికిని కవాటము మార్చినవారికిని, కారణము తెలియని జ్వరము కొన్నిదినములు విడువక యున్నచో అట్లు చేయరాదు. ముందుగ వైద్యునికి గుండె సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించవలెను. రక్తము తీయకముందే సూక్ష్మజీవులను చంపు బిళ్లలు మ్రింగినచో, రక్తములో దాగిన శత్రువు పరీక్షకు చిక్కక తప్పించుకొనును. వ్యాధి లోలోపల ముదురును.

మూడవది వ్యాయామము. పూర్వము వైద్యులే ఇట్టివారిని కదలవద్దనెడివారు. ఆ అభిప్రాయము మారినది. 2013లో అమెరికా హృదయవైద్యసంఘము పుట్టుగుండెజబ్బు గల పిల్లలను, పెద్దలను దేహశ్రమకు ప్రోత్సహింపవలెనని ప్రత్యేకముగ ప్రకటించెను. కదలని దేహమునకు బరువు పెరుగును, కండ తగ్గును, రక్తపోటు వచ్చును. లోపమున్న గుండెపై అదియొక రెండవ భారము. షాన్ వైట్ అను అమెరికా క్రీడాకారుడు తీవ్రమైన గుండెలోపముతో పుట్టి, ఏడాది నిండకముందే శస్త్రచికిత్సలు పొంది, 2006, 2010, 2018 సంవత్సరముల శీతకాల ఒలింపిక్కులలో మంచుబల్లపై విన్యాసములు చేసి మూడు స్వర్ణపతకములు గెలిచెను. అందఱును అట్లు కావలెనని నా మాట కాదు. కొందఱికి నిజముగనే కట్టడి కావలెను. మహాధమని కవాటము మిక్కిలి ఇఱుకైనవారు, ఊపిరితిత్తులలో రక్తపోటు హెచ్చినవారు, గుండె లయ తప్పువారు వైద్యుని అనుమతి లేక పోటీలలో పరుగెత్తరాదు, బరువులెత్తరాదు. రక్తము పలుచనగుటకు మందు వాడువారు కబాడీవంటి తాకిడి ఆటలు ఆడరాదు. మిగిలిన పెక్కుమంది నడువవచ్చును, ఆడవచ్చును, సైకిలు త్రొక్కవచ్చును. నడచుచు మాటలాడగలిగినంతవఱకు శ్రమ హద్దులోనే యున్నదనుట ఒక సులభమైన కొలత. ఆటనడుమ కన్నులు తిరిగినను, ఱొమ్ము నొచ్చినను, గుండె దడదడలాడినను, పెదవులు నల్లబడినను వెంటనే ఆగి పెద్దలకు చెప్పవలెను. "ఆటనుండి తీసివేయుదురేమో" అను భయముతో దాచరాదు. దాచు అవసరము పిల్లలకు లేకుండ చేయవలసినవారము మేము.

నాలుగవది ఆహారపానీయములు. మన బరంపురము అప్పడములకు, ఊరగాయలకు పేరు పొందినది. ఆ పేరు మనకు గర్వకారణమే. కాని దినమునకు మనిషికి 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రక్తపోటుగాని, గుండె నీరసముగాని గల బిడ్డకు ప్రతి పూటయు ఊరగాయముక్క, అప్పడము వడ్డించుట ప్రేమ యనిపించుకొనదు. నీలివర్ణముగల పిల్లల రక్తము సహజముగనే చిక్కగ నుండును. వారు వేసవిలో నీరు త్రాగక తిరిగినను, పండుగనాడు నీరుకూడ ముట్టని ఉపవాసముండినను రక్తము గడ్డకట్టు అపాయము కలదు. దేవునికి బిడ్డ దాహముతో పనిలేదు.

ఇక్కడ కొందఱు తల్లులు నన్ను ఆపి, "ఇదంతా నలుగురికీ తెలిస్తే పిల్ల పెళ్లెలాగ మాస్టారూ?" అని అడుగవచ్చును. అడిగిరి కూడ. ఈ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయను. ఆ తల్లి భయము వట్టిది కాదు, లోకమట్లున్నది. ఱొమ్ముమీది మచ్చ కనబడకుండ ఎండకాలమునను మెడవఱకు గుడ్డ కప్పుకొను ఆడపిల్లలున్నారు. కాని దాచుటవలన జరుగునదేమి? పెండ్లియైన పిమ్మట గర్భము దాల్చినప్పుడు గుండెకు పని అధికమగును. చాలమందికి అది నిరపాయముగనే గడచును. కొందఱికి ముందుగ చికిత్స కావలెను. కొద్దిమందికి గర్భమే ప్రాణాపాయము. ఎవరు ఏ కోవలోనివారో ముందుగ అడిగి తెలిసికొనవలెను. అత్తవారింట నోరువిప్పలేని పిల్ల, సంగతి తెలిసిన వైద్యుడు లేక, ప్రసవవేళకు ఆసుపత్రి చేరినచో, మనము దాచినది ఆమె జబ్బునా, ఆమె ప్రాణమునా? సంగతి తెలిసి చేసికొనువాడే ఆమెకు తగిన వరుడు. తెలిసి వెనుదిరిగినవాడు పోయిన, అతనితో ఒక ఆపదయు పోయినదని తలపవలెను.

మఱియొక ఆక్షేపణ కలదు. పసిబిడ్డకు ఈ సంగతులు చెప్పిన భయపడునని కొందఱందురు. నా అనుభవము వేఱు. చెప్పనిదానికే పిల్లలు ఎక్కువ భయపడుదురు. పెద్దలు గుసగుసలాడి తనను చూచి మాటమార్చిన బిడ్డ, తానేదో గొప్ప ఆపదలో నున్నానని తలచును. ఆ బాలికయు చాలకాలము తాను పెద్దదాననగుదునో కానో అని అనుకొనుచుండెనట. ఒక చిత్రము గీసి, ఇది నీ గుండె, ఇచ్చట గోడ, ఇచ్చట మాసిక, ఇచ్చట సన్నని కారుడు అని చూపినప్పుడు ఆమె ముఖమున కలిగిన నెమ్మది నేను చూచితిని. "ఇంతేనా?" అనెను.

ఈ చిత్రము గీసినప్పుడే నాకొక ఆలోచన తోచినది. మన పిల్లల స్థితి కొంత ప్రత్యేకమైనది. ఇంటిలో తెలుగు, వీథిలో ఒడియా, ఆసుపత్రి కాగితముమీద ఇంగ్లీషు. వైద్యుడు ఇంగ్లీషున వ్రాసి, ఒడియాలో చెప్పగా, తండ్రి ఇంటికి వచ్చి తెలుగున చెప్పునప్పటికి "గుండెకు చిల్లు, పరుగెత్తరాదు" అను రెండు మాటలే మిగులుచున్నవి. ఇందు ఎవ్వరి తప్పును లేదు. ఆ సంగతిని తెలుగున వ్రాసి బిడ్డచేతికిచ్చువారు లేకపోవుటయే లోటు. ఆ పని చేయగలవారము మనమే.

కావున నా మనవి యిది. పుట్టుగుండెజబ్బు గల ప్రతి విద్యార్థియు ఒక చిన్న నోటుపుస్తకములో ఒక పుట తెలుగున స్వహస్తముతో వ్రాసికొనవలెను. అందు అయిదు సంగతులుండవలెను. తన గుండెలోని లోపము పేరేమి, చిత్రములో అది ఎక్కడ ఉన్నది. ఎప్పుడు, ఎక్కడ, ఏ చికిత్స జరిగినది. ఇంకను మిగిలినదేమి, వాడుచున్న మందులేవి. ఏ ఆటలు ఆడవచ్చును, ఏవి కూడదు, పన్ను పీకునప్పుడు ముందు మందు కావలెనా. మరల ఎప్పుడు పరీక్షకు పోవలెను. లోపము పేరు, మందుల పేర్లు ఇంగ్లీషున ఎట్లు పలుకుదురో తెలుగు అక్షరములలోనే వ్రాసికొనిన, ఏ ఊరి వైద్యునికైనను చదివి వినిపింపవచ్చును. కాగితములు చదివి అర్థము చెప్పుటకు ఉపాధ్యాయులము సాయపడుదుము. వ్రాసినది సరియో కాదో ఆరోగ్యబృందము వచ్చినప్పుడు వైద్యులచేత చూపించి దిద్దింతుము. ఆ పుట బిడ్డయొద్దను, దాని నకలు తరగతి ఉపాధ్యాయునియొద్దను మాత్రమే యుండును. నోటీసు బోర్డున అంటించు వస్తువు కాదది. ఉపాధ్యాయులము కూడ ఒక నియమము పెట్టుకొనవలెను: వైద్యుని మాట లేనిదే ఏ బిడ్డనును ఆటకు త్రోయరాదు, వైద్యుని మాట లేనిదే ఏ బిడ్డనును ఆటనుండి తీసివేయరాదు. రెండవ నియమమును నేను రెండేండ్లు మీఱితిని.

తోటి విద్యార్థులకు ఒక మాట. మీ తరగతిలో ఇట్టివారున్నచో జాలిచూపులు వలదు, ఎగతాళియు వలదు. వారు ఆగినప్పుడు మీరును ఒక నిమిషము ఆగుడు. వారు మరల లేచినప్పుడు ఆటలోనికి రానిండు. వారు కోరునది అంతకంటె ఎక్కువ కాదు.

ఆ బాలిక పండ్లకు చికిత్స జరిగినది. ముందు వేయవలసిన మందును గూర్చి దంతవైద్యునికి ఆమెయే చెప్పినదని తండ్రి నాతో చెప్పి సంతోషించెను. ఆ యేడు పాఠశాల క్రీడోత్సవములలో ఆమె నడకపందెమున పాల్గొనెను. బహుమతి రాలేదు, చివరినుండి రెండవదిగ వచ్చెను. గీత దాటి, రొప్పుచు, నవ్వుచు వచ్చి నాయొద్ద నిలిచి, "మాస్టారూ, ఇంక సంచులెవరు చూస్తారు?" అని అడిగెను. నేను పోయి వసారాలో కూర్చుంటిని.